గాలి కోరిన చోట

గోదావరిఖని చుట్టుపక్కల భూగర్భ గనుల్లో మనుషులు పనిలోకి దిగే ముందు పైకప్పును తట్టి చూస్తారు. తల మీదున్న రాతి పొరను సర్దార్ (పని పర్యవేక్షకుడు) తన చేతిలోని రాడ్‌తో తడతాడు. కంగుమని మోగితే రాయి ఒకే ముద్దగా, గట్టిగా ఉందని అర్థం. డొల్లగా, బొద్దుగా పలికితే పొర పైనుంచి విడివడిందని, దాని కింద మనిషి నిలవకూడదని అర్థం. కుమ్మరి దగ్గర కుండ కొనే ఇల్లాలు వేలి కణుపుతో తట్టి పగులును పసిగట్టేదీ ఈ సూత్రంతోనే. కప్పును తట్టి చూడాలన్న నియమం పుస్తకంలో ఉంటుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య తేడా మాత్రం పుస్తకంలో దొరకదు. కొత్తగా చేరినవాడు పాతవాడి పక్కన నిలబడి విని విని నేర్చుకోవలసిందే. చెవిలో, చేతిలో ఉండే ఇలాంటి తెలివిని శాస్త్రం అనవచ్చా? అనగలిగితే, అది ఆ మనిషితోపాటు పోకుండా పదిమందికి చేరే దారి ఏది? ఈ అధ్యాయం ఆ రెండు ప్రశ్నల గురించి. జవాబు కోసం బొగ్గుబాయి నుంచి కాసేపు దూరంగా, వేణువు చేసేవాడి దగ్గరికి వెళ్దాం. ఒక గొట్టం, కొన్ని బెజ్జాలు, కాస్త ఊపిరి తప్ప మరేమీ లేని వాద్యం కనుక వేణువులో చేతి తెలివి ఎక్కడ ముగుస్తుందో, లెక్క ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. చేతి తెలివి లెక్కగా మారిన క్రమాన్ని అడుగడుగునా చూపించే జీవితం కూడా ఒకటి చరిత్రలో ఉంది: మ్యూనిక్ నగరానికి చెందిన థియోబాల్డ్ బోమ్‌ది. గొప్ప పనివాడి వారసత్వం అతడు చేసిన వస్తువుల్లో కొంతే ఉంటుందని, తన వేళ్లకు తెలిసినదాన్ని ఎంతవరకు కొలిచి, రాసి, ఇతరుల చేతికి అందించాడన్నదే అసలు వారసత్వమని నా వాదన.

గ్రోవి అంటే గొట్టం. చిమ్మనగ్రోవిలో నీళ్లు, పిల్లనగ్రోవిలో గాలి. సంగతంతా పేరులోనే ఉంది: వేణువులో ప్రధానంగా మోగేది వెదురు లోపలున్న గాలి. పెదవుల నడుమ నుంచి సన్నగా వెలువడిన ఊపిరి ముఖరంధ్రం అవతలి అంచుకు తగిలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగులాడుతుంది. ఆ ఊపు గొట్టంలోని గాలి స్తంభాన్ని కదిలిస్తుంది. ఆ స్తంభం తన పొడవుకు తగిన లయలలోనే ఊగగలదు కనుక, తిరిగి ఊపిరిని తన లయకు తెచ్చుకుంటుంది. రెండు కొసలా తెరిచివున్న గొట్టం ఇచ్చే అతి కింది స్వరాన్ని తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు: గాలిలో ధ్వని వేగాన్ని గొట్టం పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 20 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. కాబట్టి 39 సెంటీమీటర్ల గాలి స్తంభం సెకనుకు దాదాపు 440 సార్లు కంపిస్తుంది. ఒక బెజ్జం తెరిస్తే స్తంభం అక్కడికే ముగిసినట్టవుతుంది. పొడవు తగ్గి స్వరం పైకి లేస్తుంది. బెజ్జం పెద్దదైతే ఆ కోత నిండుగా ఉంటుంది. చిన్నదైతే గాలికి అది ఓరగా తెరిచిన తలుపు. స్వరం కిందికి జారుతుంది, నాదం మసకబారుతుంది. వేడిమికీ ఇందులో పాత్ర ఉంది. 20 డిగ్రీల గాలి 40 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం మూడు శాతానికి పైగా పెరుగుతుంది. స్వరస్థానాల మధ్య ఉండే ఎడంలో అది సగానికి మించిన తేడా. వాయించేవాడి ఊపిరి గొట్టంలోని వేడిని కొంత సర్దుతుంది కానీ, చలికాలపు ఉదయం శ్రుతి కుదిరిన వేణువు రామగుండం మే నెల ఎండలో అదే శ్రుతిలో పలకదు. వేణువు చేసేవాడికి ఈ లెక్కల పేర్లు తెలియకపోవచ్చు. వీటి ఫలితాలు మాత్రం ప్రతిరోజూ అతడి చేతికి తగులుతూనే ఉంటాయి.

వెదురుతో పని చేసేవాడి అసలు కష్టం ఏమిటంటే, ఏ రెండు వెదురు ముక్కలూ ఒకటిగా ఉండవు. లోపలి బోలు ఒక కొస నుంచి మరో కొసకు సన్నగిల్లుతుంది, గుండ్రం కాస్త వంకర పోతుంది, గోడ మందం మారుతుంది. ఆదిలాబాద్, మంచిర్యాల అడవుల్లో ఎక్కువగా కనిపించే సాధనపు వెదురు కర్రలకు, మేదరి వారి బుట్టలకు, కాగితానికి అక్కరకొచ్చినంతగా వేణువుకు రాదు. దాని గోడ మందం, బోలు ఇరుకు. వేణువుకు పలుచని గోడ, రెండు కణుపుల మధ్య పొడవైన ఎడం, లోపల నున్నని బోలు కావాలి. ఉత్తరప్రదేశ్‌లో వేణువుల తయారీకి పేరుపడిన పీలీభీత్‌కు ఇందుకే అస్సాం నుంచి వెదురు వస్తుంది. తగిన ముక్క దొరికాక దాన్ని నీడలో ఆరబెట్టి, ఒక కొసను బిరడాతోనో, ఉన్న కణుపుతోనో మూసి, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో బెజ్జాలు పొడుస్తారు. ముందు అనుకున్న కొలతకంటే కాస్త చిన్నగా పొడిచి, ఊది చూసి, శ్రుతితో పోల్చి, అంచును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. పెంచిన బెజ్జాన్ని తగ్గించే మార్గం లేదు కనుక చేయి తొందరపడితే ముక్క దండగ. ఎక్కడ ఆగాలో చెవి చెబుతుంది. ఈ పద్ధతి శాస్త్రప్రయోగానికి ఏమాత్రం తీసిపోదు: ఊహ, పరీక్ష, కొలత, సవరణ, మళ్లీ పరీక్ష. ప్రయోగశాలకూ దీనికీ తేడా ఒక్కచోటే ఉంది. ప్రయోగశాలలో ప్రతి మెట్టునూ కాగితం మీద రాస్తారు. ఇక్కడ ఆ వరుసంతా చేతిలోనే ఇంకిపోతుంది. వేణువు అమ్ముడుపోయాక దాన్ని చేసిన తీరును చెప్పే సాక్ష్యం మిగలదు.

థియోబాల్డ్ బోమ్ 1794 ఏప్రిల్ 9న మ్యూనిక్‌లో ఒక కంసాలి ఇంట పుట్టాడు. తండ్రి దగ్గరే బంగారు పని నేర్చుకున్నాడు. 1810లో, పదహారేళ్ల వయసులో, డ్రెస్డెన్‌కు చెందిన గ్రెన్సర్ చేసిన నాలుగు మీటల వేణువును నమూనాగా పెట్టుకుని తనకోసం ఒకటి చేసుకున్నాడు. వాయించడంలోనూ అంత వేగంగా ఎదిగి 1818లో బవేరియా ఆస్థాన వాద్యబృందంలో చేరాడు. చేసేవాడూ వాయించేవాడూ ఒకే మనిషి కావడం అతడి బలం. వాయించేటప్పుడు అడ్డుపడిన లోపాన్ని మర్నాడు ఆకురాయి పట్టి దిద్దగలిగేవాడు. 1828లో సొంత పనిశాల తెరిచాడు. ఆ రోజుల్లో యూరప్ వేణువుల బెజ్జాలు వేళ్లకు అందే చోట ఉండేవి, వేలి కొన మూయగలిగినంత చిన్నగా ఉండేవి. గాలికి అనువైన చోటు వేరు, చేతికి అనువైన చోటు వేరు. రెండింటి మధ్య రాజీ పడడంతో కొన్ని స్వరాలు నిండుగా, కొన్ని నీరసంగా, కొన్ని శ్రుతి తప్పి పలికేవి. మంచి వాద్యకారులు పెదవి తిప్పి, ఊపిరి మార్చి ఆ లోపాలను కప్పిపుచ్చుకునేవారు. 1831లో లండన్ వెళ్లిన బోమ్ అక్కడ చార్లెస్ నికొల్సన్ కచేరీ విన్నాడు. నికొల్సన్ చేతులు పెద్దవి, అతడి వేణువు బెజ్జాలూ పెద్దవి. ఆ నాదం నిండుదనం బోమ్‌ను కలతపెట్టింది. మామూలు చేతులున్న మనిషికి ఆ నాదం దక్కాలంటే వేణువునే మొదటి నుంచి ఆలోచించాలని అతడికి తోచింది.

ఆ ఆలోచన ఫలితం 1832 నాటి వేణువు. అందులో బోమ్ ప్రశ్నను తలకిందులు చేశాడు. వేళ్లు ఎక్కడికి అందుతాయని మొదట అడగలేదు. గాలి ఎక్కడ బెజ్జం కోరుతోందని అడిగాడు. గాలి కోరిన చోట బెజ్జం పెట్టి, ఆ తర్వాత వేళ్ల సంగతి చూశాడు. ఒక వేలు ఒక బెజ్జాన్ని మూస్తూనే దాని చుట్టూ ఉన్న కడియాన్ని నొక్కితే, దానికి జోడించిన ఇరుసు తిరిగి దూరంగా ఉన్న మరో బెజ్జం మీద మూత పడే ఏర్పాటు చేశాడు. కంసాలి పనితనం లేకపోతే ఈ సన్నని యంత్రాంగం కుదిరేది కాదు. అయినా బోమ్‌కు తృప్తి కలగలేదు. గొట్టం లోపలి ఆకారం ఇంకా పాత పద్ధతిలోనే, కొసకు సన్నగిల్లే శంకువుగా ఉంది. అలా ఎందుకు ఉండాలో ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాతి ఏళ్లలో అతడు వేణువులను పక్కన పెట్టి ఇనుము పరిశ్రమలో పడ్డాడు. మిత్రుడు, శాస్త్రవేత్త కార్ల్ షాఫ్‌హోయ్ట్ల్‌తో కలిసి ఇనుము కొలిముల పద్ధతులను మెరుగుపరిచే పనిలో మునిగాడు. ఆ కృషికి 1839లో బవేరియా రాజ్య గౌరవం దక్కింది. బొగ్గు, ఇనుము ఒకదానినొకటి పట్టుకుని నడిచిన కాలం అది. కొలిమిలో వేడి ఎంత, గాలి ఎంత, ఇనుము ఎంత అని కొలవకుండా అడుగు పడని పనిలో గడిపిన ఆ ఏళ్లు వృథా కాలేదని తర్వాతి చరిత్ర చెబుతుంది. యాభై దాటాక, అప్పటికే యూరప్ అంతటా పేరున్న ఆ వాద్యకారుడు 1846–47లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో షాఫ్‌హోయ్ట్ల్ దగ్గర ధ్వనిశాస్త్రం చదువుకున్నాడు.

1847లో వచ్చిన వేణువే ఈనాటికీ ప్రపంచమంతటా పాశ్చాత్య వాద్యబృందాల్లో మోగుతున్న వేణువుకు మూలం. దాని ఒడలు 19 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో తిన్నని లోహపు గొట్టం. తలభాగం మాత్రం బిరడా వైపు మెల్లగా సన్నగిల్లే వంపు. ముఖరంధ్రం సుమారు 10, 12 మిల్లీమీటర్ల కొలతతో, మూలలు గుండ్రంగా తిరిగిన దీర్ఘచతురస్రం. బెజ్జాలు వేలి కొన మూయలేనంత పెద్దవి. వాటి మీద మెత్త అతికించిన మూతలు. ఈ కొలతలకు అతడు చేరుకున్న దారి ముఖ్యం. గొట్టాన్ని ముక్కలుగా చేసి, ఒక్కో స్వరానికి ఒక్కో ముక్క తీసి చూసి, గాలి స్తంభం ఏ పొడవులో ఏ స్వరం పలుకుతుందో వరుసగా పట్టిక వేశాడు. సూత్రం చెప్పిన పొడవుకు, నిజంగా మోగిన పొడవుకు మధ్య సుమారు 5 సెంటీమీటర్ల తేడా వచ్చింది. ముఖరంధ్రం, బిరడా, బెజ్జాలు అన్నీ కలిసి చేసే మార్పు అది. ఆ తేడాను కప్పిపుచ్చకుండా అంకెగా పట్టి లెక్కలో చేర్చాడు. అదే ఏడాది వేణువు నిర్మాణం మీద పుస్తకం ప్రచురించాడు. 1860ల్లో ఇంకో అడుగు ముందుకు వేసి ఒక రేఖాపటం తయారుచేశాడు. ఏ దేశపు శ్రుతి ఎంత ఉన్నా, ఆ పటం మీద గీత గీస్తే ప్రతి బెజ్జం చోటూ దానంతటదే తేలుతుంది. 1871లో, డెబ్భై ఏడేళ్ల వయసులో, వేణువు గురించీ వాదనం గురించీ సమగ్ర గ్రంథం వెలువరించాడు. 1881 నవంబర్ 25న కన్నుమూశాడు. అమెరికా భౌతికశాస్త్రవేత్త డేటన్ మిల్లర్ ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. తాను పోగుచేసిన 1,700 దాకా వేణువులను, వాటి తాలూకు పుస్తకాలను మిల్లర్ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించి వెళ్లాడు. కంసాలి కొట్లో మొదలైన పని అలా భౌతికశాస్త్రపు అరలోకి చేరింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఈ కథలో గొప్పతనం లెక్కది, చేతిది కాదు కదా. అలాంటప్పుడు చేతి తెలివిని శాస్త్రమని పొగడడం దేనికి? సాక్ష్యం ఇందుకు ఒప్పుకోదు. తలభాగం ఎంత వంపు తిరగాలో, ముఖరంధ్రం అంచు ఎంత వాలుగా ఉండాలో ఆనాటి ఏ సమీకరణమూ బోమ్‌కు చెప్పలేదు. ఎన్నో గొట్టాలు చేసి, ఊది, పారేసి, మళ్లీ చేసి కనిపెట్టాడు. సూత్రానికీ వాస్తవానికీ మధ్య ఆ 5 సెంటీమీటర్ల తేడాను గుర్తించింది కూడా మొదట చెవే. ఊపిరి అంచుకు తగిలి ఊగే తీరును కంప్యూటర్ల సాయంతో ఇప్పటికీ పరిశోధిస్తూనే ఉన్నారు. చేయి ముందుగా దారి చూపింది, లెక్క ఆ దారికి గుర్తులు నాటింది. గుర్తులు నాటకపోతే తర్వాత వచ్చినవాడు మళ్లీ మొదటి నుంచి అడవిలో వెతుక్కోవలసిందే. దీన్నే మరోవైపు నుంచి చూసేవారు ఇంకో మాట అంటారు: ఘనత ఒక్క బోమ్‌కే కట్టబెట్టడం న్యాయమా? న్యాయం కాదు. నికొల్సన్ నాదం, షాఫ్‌హోయ్ట్ల్ చదువు, పనిశాలలో గ్రెవె, మెండ్లర్ వంటి సహచరుల చేతులు ఇందులో ఉన్నాయి. గోర్డన్ అనే సైనికాధికారి ఇలాంటి ఆలోచనే అంతకుముందు చేశాడన్న వాదం ఏళ్ల తరబడి నడిచింది. బోమ్ తన కొత్త వేణువు హక్కులను 1847లో పారిస్, లండన్ తయారీదారులకు అమ్ముకున్న మాట కూడా నిజం. కానీ ఎవరు ఎప్పుడు ఏం చేశారో ఈనాడు మనం తూచి చెప్పగలుగుతున్నామంటే, కొలతలూ తేదీలూ రాసి ఉన్నందువల్లే. రాత ఒకరికి కిరీటం పెట్టడానికే పనికొచ్చేది కాదు. పక్కనున్నవారి వాటా తేల్చడానికీ అదే ఆధారం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, ఎందుకంటే దాని వెనక ప్రేమ ఉంది. వెదురులో ఉన్న జీవం వెండి గొట్టంలో రాదని చాలామంది నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవారు ఉన్నారు. 1971లో అమెరికాకు చెందిన జాన్ కోల్ట్‌మన్ వెండితో, రాగితో, నల్లని గట్టి చెక్కతో లోపలి కొలతలు ఒకేలా ఉన్న మూడు వేణువులు చేసి, వాటికి ఒకే రకం తలభాగాలు అమర్చాడు. తెర చాటు నుంచి విన్నవారు ఏది ఏదో పోల్చలేకపోయారు. వాయించినవారు కూడా, చేతికి తేడా తెలియకుండా అమర్చినప్పుడు, గుర్తుపట్టలేకపోయారు. తర్వాత వియన్నాలో వేర్వేరు లోహాల వేణువులతో చేసిన పరీక్ష కూడా ఇదే చెప్పింది. మోగేది గాలి అయినప్పుడు, ఆ గాలికి తెలిసేది తనను చుట్టుకున్న ఆకారం మాత్రమే. దీనితో వెదురు చిన్నబోదు. లోపలి నునుపు, బెజ్జం దగ్గర గోడ మందం, అంచు పదును, తేమకు కలిగే సాగుడు, సన్నని పగులు ఇవన్నీ గాలి స్తంభాన్ని మారుస్తాయి. వీటిలో ప్రతిదీ వెదురు రకంతో, ఆరబెట్టిన తీరుతో ముడిపడి ఉంటుంది. మంచి వెదురు ఏరుకునే నేర్పరి తెలిసో తెలియకో మంచి ఆకారాన్ని ఏరుకుంటున్నాడు. అతడి ఎంపిక నిజం, ఆ ఎంపికకు మనం చెప్పుకునే కారణమే సవరించుకోవాలి. సాక్ష్యం నేర్పరి విలువను పెంచుతుంది: నాదం వెదురు ఇచ్చిన వరం అనుకున్నంతకాలం అతడు వట్టి మధ్యవర్తి, నాదం ఆకారం వల్ల పుడుతుందని తేలాక ఆ ఆకారాన్ని చెక్కినవాడే కర్త.

మూడో అభ్యంతరం మన సంగీతం నుంచి వస్తుంది. బోమ్ వేణువు పన్నెండు స్వరాలను సమానమైన ఎడాలతో పంచిన పద్ధతికి కట్టుబడింది. మనకు ప్రాణం గమకం. స్వరం నుంచి స్వరానికి జారాలన్నా, ఊగాలన్నా వేలి కండ తెరిచిన బెజ్జాన్ని సగం, పావు మూస్తూ తడమాలి. మూతలూ మీటలూ అడ్డొస్తాయి. కుంభకోణానికి చెందిన శరభశాస్త్రి (1872–1904) వేణువును కర్ణాటక కచేరీలో ప్రధాన వాద్యంగా నిలబెట్టినప్పుడు, ఆ తర్వాత టి.ఆర్. మహాలింగం దానికి కొత్త వేలి పద్ధతిని, గాత్రానికి దగ్గరైన పలుకును ఇచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది మీటలు లేని వెదురే. కాబట్టి బోమ్ బాట మనకు పనికిరాదని తేల్చాలా? అతడి యంత్రాంగం మనకు అక్కర్లేదన్నది నిజం. కానీ అతడు అడిగిన ప్రశ్నను మనవాళ్లూ తమ తీరులో అడిగారు. హిందూస్తానీ వాద్యకారుడు పన్నాలాల్ ఘోష్ (1911–1960) ఆలాపనకు తగిన గంభీరమైన కింది స్వరాల కోసం గొట్టం పొడవు పెంచుకుంటూ పోయి, సుమారు 32 అంగుళాల బాంసురీకి చేరాడు. దానికి ఏడో బెజ్జం కూడా జోడించాడు. సంగీతం ఏమి కోరుతోంది, దానికి గాలి స్తంభం ఎంత ఉండాలి, వేళ్లు ఎలా సర్దుకోవాలి అన్న వరుస ఇక్కడా అదే. ఒక చోట జవాబు మీటలుగా వచ్చింది, మరో చోట పొడవుగా వచ్చింది. జవాబును అరువు తెచ్చుకోనవసరం లేదు. ప్రశ్న అడిగే క్రమశిక్షణను, జవాబును రాసిపెట్టే అలవాటును మాత్రం సంకోచం లేకుండా తెచ్చుకోవచ్చు.

వేణువు లెక్క నిజంగానే బొగ్గుగని గుమ్మం తొక్కిన సందర్భం ఒకటి ఉంది. దాని వెనకున్న శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. రామగుండం ఎరువుల కర్మాగారంలో యూరియా కోసం తయారయ్యే అమ్మోనియాకు మూలం ఆయన కనిపెట్టిన పద్ధతే. 1912లో జర్మనీలో గని ప్రమాదాలు ప్రాణాలను బలిగొంటున్నప్పుడు, మీథేన్ వాయువును ముందే పసిగట్టే సాధనం కావాలని చక్రవర్తి శాస్త్రవేత్తలను కోరాడు. 1913లో హేబర్ ఒక ఈలతో జవాబిచ్చాడు. నిజానికి అవి పక్కపక్కన అమర్చిన రెండు ఈలలు: ఒకదానిలో శుభ్రమైన గాలి, రెండోదానిలో గనిలోని గాలి. మీథేన్ గాలికంటే తేలిక. అది కలిస్తే ధ్వని వేగం పెరుగుతుంది, ఈల స్వరం కొద్దిగా పైకి జరుగుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిసి మోగితే నాదం పెరుగుతూ తరుగుతూ అలలుగా వినిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు వీటిని విస్పందనాలు అంటాయి. తంబురా తీగలు శ్రుతి చేసేవారు ఈ అలలు ఆగేదాకా బిరడా తిప్పుతారు. సెకనుకు వెయ్యి సార్లు కంపించే ఈల జంటలో ఒక శాతం మీథేన్ చేరితే సెకనుకు దాదాపు రెండు అలలు వస్తాయి. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. ఆ హద్దుకు చేరేసరికి అలలు చిక్కబడి ఈల వణికినట్టు మోగుతుంది. ఈ ఈల గనుల్లో నిలదొక్కుకోలేదు. అప్పటికి దాదాపు వందేళ్ల ముందు హంఫ్రీ డేవీ కనిపెట్టి, పేటెంటు తీసుకోకుండా లోకానికి ఇచ్చేసిన రక్షణదీపం మంట మీద కనిపించే నీలి టోపీనే కార్మికులు నమ్ముకున్నారు. ఆ తర్వాత మీథేన్ శాతాన్ని నేరుగా అంకెలో చూపే మీటర్లు వచ్చాయి. హేబర్ ఈల వాడుకలో నిలవకపోయినా అది నిరూపించిన సత్యం నిలిచింది: వేణువు శ్రుతిని మార్చే నియమమే గనిలో ప్రాణాపాయాన్నీ చెబుతుంది. వెదురు బెజ్జం దగ్గర చెవి గుర్తించే తేడాకూ, ఆ ఈలలో చెవి గుర్తించే తేడాకూ భౌతికశాస్త్రంలో ఒకటే సమీకరణం.

చివరి అభ్యంతరం గనివాళ్లే అడగగలిగినది. పైకప్పు కదలికను చూపే టెల్‌టేల్‌లు, పొరను బిగించే రూఫ్ బోల్టులు, గాలిని నిరంతరం కొలిచే సెన్సర్లు వచ్చాక పాత సర్దార్ చెవి ఎవరికి కావాలి? సాధనాలు కావలసిందే, వాటి వల్ల దక్కిన ప్రాణాలు లెక్కలేనన్ని. కానీ సాధనం తాను అమర్చిన చోట మాత్రమే కొలుస్తుంది. మనిషి తన రాడ్ తగిలిన ప్రతి చోటా వింటాడు. పైగా మంచి సాధనం తయారుచేయాలంటే ఏ చప్పుడు ఏ ప్రమాదానికి గుర్తో ముందు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పగలిగినవాడు ఆ చెవి ఉన్నవాడే. బోమ్ జీవితం ఇక్కడ మనకు నేరుగా అక్కరకొస్తుంది. అతడు చెవిని వదిలేసి కొలతను పట్టుకోలేదు. చెవి విన్నదానికి కొలత కట్టాడు. చెవి మీద నమ్మకం లేక కొలిచేవాడు చెవికి తెలిసినదాన్ని పోగొట్టుకుంటాడు. కొలత మీద చిన్నచూపుతో చెవినే నమ్ముకున్నవాడు తన తెలివిని తనతోపాటే తీసుకుపోతాడు. రెండూ కలిసిన చోటే వారసత్వం పుడుతుంది.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాళ్లు గుర్తించాడు. 1889 నుంచి ఈ నేలలో బొగ్గు తవ్వకం సాగుతోంది. అన్ని తరాల చెవులు ప్రాణహిత–గోదావరి లోయ రాళ్లను విన్నాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి బొగ్గు గనుల కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరికి తగ్గింది. ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. తట్టతో, పారతో బొగ్గు నింపిన తట్టా చెమ్మస్ కాలం చూసినవారు, కప్పు చప్పుడు విని మనుషులను వెనక్కి రప్పించినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేసి వెళ్లిపోతున్నారు. జాతర్లలో వేణువులు అమ్మే మనిషి చేతిలోనూ ఎవరూ రాయని కొలతలు ఎన్నో ఉన్నాయి. ఇద్దరి దగ్గరా మనం చేయవలసిన పని ఒకటే. గోదావరిఖనిలో, మందమర్రిలో, కొత్తగూడెంలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు రికార్డింగుకు ఒక ఫోను, ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం పట్టుకుని వారి దగ్గర కూర్చోవాలి. ఏ రాతి పొర ఎలా మోగిందో, అప్పుడు ఏం జరిగిందో రాయాలి. ఏ వెదురుకు ఏ బెజ్జం ఎంత దూరంలో పడిందో, ఎందుకు పడిందో కొలవాలి. బోమ్ చేసిన వేణువుల్లో మిగిలినవి ఈనాడు అద్దాల అరల్లో ఉన్నాయి. అతడు రాసిన కొలతలు ప్రతిరోజూ వేల చేతుల్లో మోగుతున్నాయి. మన నేర్పరుల కొలతలకు కూడా ఆ బతుకు దక్కాలంటే, వారు మన మధ్య ఉండగానే కలం పట్టాలి.